సముద్రపు గడ్డి పోయింది

నాన్నా, నేను క్షేమమే, కంగారుపడకు. ఉద్యోగం మాత్రం వదిలేశాను. కొత్త రేవు కోసం మా కంపెనీ సముద్రం అడుగునున్న గడ్డినంతా తవ్విపోసింది. చేపపిల్లలు పెద్దయ్యేదాకా తలదాచుకునేది ఆ గడ్డిలోనే. వద్దని మొత్తుకుంటే మేనేజరు, "వాటికి తోకలున్నాయి కదమ్మా, ఇంకోచోటికి పోతాయిలే" అన్నాడు. తవ్విన మర్నాడు నీళ్లలోకి దిగి చూశాను. వేలెడేసి చేపపిల్లలు ఒక పాత టైరును అంటిపెట్టుకుని తిరుగుతున్నాయి, పెద్ద చేపలు వాటిని తీరిగ్గా మింగుతున్నాయి. పైకొచ్చి చెబితే, "చూశావా, టైరు దొరికిందిగా" అని నవ్వాడు.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకోవడం మానేయలేదు కదా? కొత్త పడవ మాట ఇప్పట్లో ఎత్తొద్దని తమ్ముడితో చెప్పు. ఇక్కడ పెరిగిన చేపలే మనవైపు వచ్చేవి. రేపు నీ వల ఖాళీగా లేస్తే సముద్రాన్ని మాత్రం తిట్టకు. అమ్మను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు.

నీ పెద్దమ్మాయి