కావడి అయ్యాక చూద్దామనుకున్న ఆపరేషన్

ఆడి కృత్తిక మర్నాడు, రాత్రి

మల్లి నీళ్ళు కూడా ముట్టలేదు. మగ్గం పక్కన పడుకుని, పిలిస్తే తోక మాత్రం ఒకసారి కదిలించింది.

పొద్దున తిరువళ్ళూరు తీసుకుపోయాను. కుక్కల డాక్టరమ్మ స్కాన్ చూసి నిట్టూర్చింది. "గర్భసంచి నిండా చీము పట్టిండాది అన్నా. నేను చెప్పినప్పుడే తీయించింటే చిన్న పని. ఇప్పుడు కోసినా బతుకుతాదని చెప్పలేను. ఈ పొద్దుకి సెలైన్ పెట్టినా. ఆపరేషన్ చేయాలంటే రేపు తెల్లారేసరికి తీసుకోని రా."

ఆమె చెప్పింది రెండు నెలల కిందట, మల్లి ఎదకు రాకముందే. నేను అప్పుడే మురుగన్‌కు మాల వేసుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మాలేసుకున్నోడివి జుట్టే కత్తిరించుకోవు, దాని కడుపు కోయిస్తావా రా? కావడి ఎత్తినాక చూస్తాములే." నిజానికి, వాయిదా పడినందుకు నాకూ హాయిగానే అనిపించింది.

నిన్న తిరుత్తణి కొండమీద కావడి చెల్లించి గుండు చేయించుకున్నాను. ఇందాక అమ్మ మల్లి నుదుటికి విభూది పూసి, "సామి ఉండాడు, ఏం కాదులే" అంది. మల్లి కళ్ళు తెరవలేదు. రేపు ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించాలా, ఇక్కడే మా మధ్య పోనివ్వాలా...

నా జుట్టు నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తుంది.