చెరిపేసిన వాక్యం

చిన్నదానా,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావకు నడుం నొప్పి తగ్గింది, మళ్ళీ నా వంటకు వంకలు పెట్టే ఓపిక వచ్చింది. నువ్వు టీచరువయ్యావంటే ఇప్పటికీ నమ్మనంటున్నారు.

మూడో తరగతి పిల్లలకు వాక్యం ఎక్కడ ఆపాలో ఎలా నేర్పాలని అడిగావు. బోర్డు మీద "మా కుక్క" అని రాసి ఊరుకో. "కుక్క ఏం చేసింది టీచర్?" అని వాళ్ళే గోల చేస్తారు. అసంపూర్ణ వాక్యమంటే అదేనని చెప్పు. తర్వాత "కుక్క మొరిగింది పిల్లి పారిపోయింది పాలు ఒలికాయి అమ్మ తిట్టింది" అని గుక్క తిప్పుకోకుండా చదువు. నీ అవస్థ చూసి నవ్వుతారు. అప్పుడు ఫుల్‌స్టాపులు వాళ్ళనే పెట్టమను.

ఉత్తరాలు పొడిపొడిగా రాస్తున్నావేమని కూడా అడిగావు. మీ బావకైనా చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నా తరగతిలో ఒక పిల్ల ఉంది. మాట్లాడితే ఆగదని అందరూ రైలుబండి అంటారు. తండ్రి లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. "మా ఇల్లు" గురించి రాయమంటే పేజీ నిండా ఒకే వాక్యం రాసింది. అమ్మ బట్టలు కుట్టడం, చెల్లి దారపుండలు దాచెయ్యడం, కిటికీ రెక్క ఊడిపోవడం, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ. చివర మాత్రం "రాత్రి అమ్మకి ఊపిరి ఆడక" అని వదిలేసింది. నా ముందు నలభై పుస్తకాలున్నాయి. పదకొండు చోట్ల ఫుల్‌స్టాపులు పెట్టి, చివర "ఆడక? ఏమైంది? పూర్తి చెయ్యి" అని ఎర్ర సిరాతో రాసి ఇచ్చేశాను. వ్యాకరణం కోసం అడిగానే తల్లీ, జవాబు కోసం కాదు.

మర్నాడు పక్క పేజీలో ముత్యాల్లా తిరగరాసి తెచ్చింది. అన్నీ చిన్న చిన్న వాక్యాలు. చివరిది లేదు. లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు. "చాలా బాగుంది" అని రాశాను.

నాలుగో రోజున తల్లి పోయింది. న్యుమోనియా అట. రెండు రోజుల ముందు తీసుకొచ్చి ఉంటే దక్కేదని డాక్టరు అన్నారట.

కొన్నాళ్ళకు పిల్ల బడికి వచ్చింది. అందరూ వెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఆ చివరి వాక్యం ఎందుకు తీసేశావమ్మా?"

"అమ్మ ఎవరికీ చెప్పొద్దంది టీచర్. మీరైతే అడుగుతారని సగం రాశా."

"అడిగాను కదమ్మా."

"ఎర్రగా రాశారు కదా. తప్పేమో అనుకున్నా. చెరిపేశా."



మొన్న వాళ్ళ నాన్నను పిలిచి, పుస్తకం ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెన్సిలు రాత చెరిగిపోయి నా ఎర్ర ప్రశ్న ఒక్కటే మిగిలిన చోట వేలితో తడిమాడు. తర్వాత, "ఈ పుస్తకం నేను తీసుకెళ్ళొచ్చా టీచరమ్మా? ఇందులో మా ఆవిడ ఇంకా బట్టలు కుడుతోంది," అన్నాడు.

ఇట్లు,
నీతో తప్ప మనవాళ్ళెవరితోనూ ఇది చెప్పుకోలేని
అక్క