తెర మీద నిండిన చెంపలు

నవంబర్ 3, సోమవారం

కంప్యూటర్ తెర నల్లగా ఉంది. మధ్యలో చిన్న డబ్బా — 'నో సిగ్నల్' — అటూ ఇటూ తిరుగుతోంది. కాసేపటికి అదీ పోయింది.

నా తప్పే. నిన్న అప్‌డేట్ చేయాలా అని అడిగితే సరే అని నొక్కాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మా ఆయన మురళి ఉంటే "బ్యాటరీ లేకుండా అప్‌డేట్ నొక్కుతారా తల్లీ!" అని రెండు చేతులూ జోడించేవాడు. ఉంటే కదా.

ఫోటోలన్నీ అందులోనే. ఫోన్ నిండినప్పుడల్లా దాంట్లోకి ఎక్కించి ఫోన్‌లో తుడిచేశాం. ఇంకో కాపీ లేదు. మురళి పోయి పది నెలలు దాటింది — రేపు తీసిపెట్టుకుందాం, ఎల్లుండి తీసిపెట్టుకుందాం అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి మామ ఫోన్. "ఆదివారం వస్తాండానమ్మా. రాయి వచ్చింది. వాని మొకం దించుకోవల్ల."

సంవత్సరీకం నాటికి కొడుకు బొమ్మ తన చేత్తోనే చెక్కుతానన్నాడు. యాభై ఏళ్లుగా దేవుళ్లను చెక్కిన మనిషి. తెర వెలగడం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

నవంబర్ 4

కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. సీపీయూ పెట్టెను మేడమీద వాళ్ల టీవీకి తగిలించి చూశాను — టీవీ కూడా నల్లగానే. అంటే మానిటర్ మంచిదే. రోగం పెట్టెలో. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం లేదు.

నవంబర్ 5, బుధవారం

పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకొని బజారులో రిపేరు షాపుకు. అతను మూత కూడా విప్పలేదు. "ఇదేందక్కా, లినక్సా? ఇవన్నీ ఎవురు వాడతారు? ఫార్మాట్ కొట్టి వేరేది ఎక్కిస్తా. గంట పని."

"లోపల ఉన్నవి?"

"అవి పోతాయి."

ఎంత సులువుగా అన్నాడు! ఆస్పత్రిలో కూడా ఇట్లాగే అన్నారు, ఇదే గొంతుతో. పెట్టెను మళ్లీ ఒళ్లో పెట్టుకొని వచ్చేశాను. ఆటోలో ఏడుపు ఆగలేదు. డ్రైవర్ అద్దంలో చూస్తున్నాడు. చూడనీ.

నవంబర్ 6

నేను పనిచేసే విత్తనాల ల్యాబ్‌లో ఒకే ట్రేలో మొలకలు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ మూడు లెక్కలు. ఇంటికి పొమ్మన్నారు.

నవంబర్ 7, శుక్రవారం

ఖాజా అన్న వచ్చాడు, నమాజు అయ్యాక, టోపీ ఇంకా నెత్తిమీదే. టీవీలు బాగుచేసే మనిషి. మురళీ, ఇతనూ కలిసే ఈ లినక్స్ నేర్చుకున్నారు, ఈ గదిలోనే, నా చేత టీ మీద టీ పెట్టించి.

"ముందే నాకు చెప్పకుండా బజారుకు పోతావా చెల్లెమ్మా? డబ్బా బతికే ఉండాది. అప్‌డేట్ సగంలో తెగింది, బొమ్మేసే కార్డును పలకరించేది మర్చిపోయింది, అంతే."

ఆన్ చేసేటప్పుడే ఒక కీ నొక్కి పట్టుకున్నాడు. చిన్న జాబితా వచ్చింది. ఒక పొడవాటి వరుస చివర 'నోమోడ్‌సెట్' అని ఒక్క మాట చేర్చాడు. ఆ మాట చేరిస్తే కార్డు జోలికి పోకుండా మోటుగానైనా బొమ్మ వేస్తుందట. గబగబా తెల్లటి అక్షరాలు… తర్వాత వెలుగు… వాల్‌పేపర్‌గా అవుకు రిజర్వాయర్, మురళి తీసిన ఫోటో. నా నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది.

ఫోటోలన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీశాడు. తర్వాత తెర వైపు కళ్లు చిట్లించి — "సాగిందమ్మా. చూడు, తెరమీది గడియారం దోసకాయ మాదిరుంది. తెర వెడల్పుది, బొమ్మ ఇరుకుది, పక్కలకు పీకతాంది. తెగిన అప్‌డేట్ పూర్తిచేస్తే సరిపోతాది. కూచో, ఇప్పుడే చేసిపోతా."

అప్పటికే నేను ఆ ఫోటో తెరిచాను. మురళి ఆఖరి నెలల్లో తనే తీసుకున్నది, ఈ కుర్చీలోనే కూర్చొని, నేరుగా కెమెరాలోకి చూస్తూ. చెంపలు లోపలికి పోయి, దవడ ఎముకలు తేలిన ఫోటో అది. ఇప్పుడు తెర మీద — చెంపలు నిండి ఉన్నాయి. మెడ నిండుగా ఉంది. పెళ్లినాటి మురళి. జబ్బే రాలేదు.

"వద్దన్నా. ఇంకోసారి చూద్దాం," అన్నాను.

అన్న నా వైపు చూశాడు. తెర వైపు చూశాడు. టోపీ సర్దుకొని వెళ్లిపోయాడు.

నవంబర్ 8

పెట్టె వేసిన ప్రతిసారీ ఆ మాట నేనే చేర్చాలి, లేకపోతే నలుపే. ఉదయం చేర్చాను. సాయంత్రం చేర్చాను. సిగ్గులేకుండా సంతోషంగా ఉంది.

నవంబర్ 9, ఆదివారం

మామ మొదటి బస్సుకే దిగాడు. చంకలో బటర్ పేపర్ చుట్ట. ఫోన్‌లో ముఖాలు ఆయనకు పనికిరావు — "దాంట్లో ముక్కు యాడుందో చెవి యాడుందో" అంటాడు. తెర మీద ఫోటోను పెద్దది చేయించి, గడ్డం నుంచి నొసలు దాకా తన జానకు సరిపోయేవరకు ఆగి, కాగితం తెరకే అతికించి పెన్సిల్‌తో దించుకుంటాడు. ఎమ్మెల్యేల తాతలనూ ఇట్లాగే దించాడు. మురళి నేర్పిన పద్ధతే.

పాత ఫోటోలన్నీ పక్కకు తిరిగి నవ్వేవే. నేరుగా చూసేది ఇదొక్కటే.

మామ ముందు తెర దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడే చెప్పాల్సింది — మామా, ఇది సాగిన బొమ్మ, ఒక్క గంట ఆగు, ఖాజా అన్నను పిలుస్తా. టీ గ్లాసు పట్టుకొని బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

"బాగుండాడు గదా పిల్లోడు," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

పెన్సిల్ కదలడం మొదలైంది. ఒక్క గీత కూడా చెరపలేదు.

నవంబర్ 13

ఖాజా అన్న దారిలో కలిశాడు. తెర సరైందా అని అడిగాడు. అయిందన్నాను. అబద్ధం నాలుక చివరే ఉంది ఈమధ్య.

నవంబర్ 23, ఆదివారం

ఆళ్లగడ్డ. షెడ్డు ముందు వరసగా నంది, ఆంజనేయుడు, తల లేని అమ్మవారు. మధ్యలో, తడిగుడ్డ కప్పి, మురళి. మామ గుడ్డ తీసి టీ తాగడానికన్నట్టు వెళ్లిపోయాడు.

కళ్లు ఇంకా పెట్టలేదు. చెంపలు మాత్రం వచ్చేశాయి. నిండుగా. నంది పక్కన కూర్చున్నాను. ఎంత బాగున్నాడో. ఎంతగా మురళి కాడో.

అత్త వచ్చింది. కళ్లలో పొర, మసక. రెండు చేతులతో రాయి ముఖం తడిమింది. దవడల దగ్గర చేతులు ఆగాయి. మళ్లీ తడిమింది.

"ఎవురిదే ఇది?"

నంది మెడలోని రాతి గంటల మీద దుమ్ము తుడిచాను.

"నా ఒళ్లో పోయినాడు వాడు. నాలుగు నెల్లు ఈ మొకం నేనే తుడిసినా. ఎముకెముకా తెల్సు నాకు. ఇది మావోడు కాదు. వాడు పడిన బాధంతా యాడికి పోయింది? అంతా తుడిసేస్తే వాడు యాడుండాడు?"

తర్వాత నెమ్మదిగా — "మీ మామకు చెప్పాకు. చెయ్యి ఆగిపోతాది ఆ మనిసికి."

తిరుగు బస్సులో మా నంద్యాల దాకా కిటికీకి తల ఆనించి వచ్చాను. ఎవరిది అని అడిగింది. నాది అత్తా. నా కక్కుర్తిది.

నవంబర్ 24

ఖాజా అన్నకు ఫోన్ చేసి నిజం చెప్పాను. తిట్టలేదు. "తెలుసు లేమ్మా," అన్నాడు. ఫోన్‌లోనే చెబుతూ పోయాడు, నేను టైపు చేస్తూ పోయాను. సగంలో తెగిన అప్‌డేట్‌ను మళ్లీ పట్టుకొని పూర్తిచేయమనే ఆజ్ఞ. వరసలు వరసలుగా అక్షరాలు. కార్డు తాలూకు ముక్క మళ్లీ ఎక్కించాం. "ఇప్పుడు ఆ మాట చేర్చకుండా ఆన్ చెయ్."

చేర్చలేదు. తెర నల్లబడింది. ఒకటి, రెండు, మూడు… ఈసారి పోయిందనుకున్నాను. పోతే బాగుండుననీ అనుకున్నాను. రాస్తున్నా, ఎవరు చూస్తారు.

వెలిగింది. గడియారం గుండ్రంగా ఉంది.

ఫోటో తెరిచాను. మురళి. చెంపలు లేవు. కళ్లు పెద్దవైపోయి, పెదవులు ఎండి. అయినా నేరుగా చూస్తున్నాడు. ఆ రోజు నేను "ఎందుకిప్పుడు ఫోటో?" అంటే, "ఇట్లా కూడా ఉన్నానని ఉండనీ," అన్నాడు. విని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇన్ని రోజులూ ఆ మాట గుర్తు రానివ్వలేదు.

మామ మిగిల్చిపోయిన బటర్ పేపర్ తెర మీద పెట్టి నేనే దించాను. రెండు కాగితాలు చించేశాను. మూడోది కుదిరింది. దవడ గీత దగ్గర పెన్సిల్ మొన విరిగింది.

నవంబర్ 27

చేతులు కాలాక ఆకులు. చెప్పకపోతే అత్తకు కొడుకు లేడు. చెబితే మామకు చెయ్యి లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే, అదీ నేనే పెట్టుకున్న అడకత్తెర.

నవంబర్ 30, ఆదివారం

చెప్పేశాను. షెడ్డులో, మామ ఒక్కడే ఉన్నప్పుడు, ఒక్క ఊపిరిలో — తెర సాగిందని, నాకు ముందే తెలుసని, కావాలనే సరిచేయించలేదని. నేను దించిన కాగితం చేతికిచ్చాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం తీసుకొని రాయి ముఖం మీద ఆనించాడు. అటు వేలెడు, ఇటు వేలెడు రాయి మిగిలింది.

"నాకు తెల్సమ్మా."

"ఎప్పటి నుంచి?"

"మీ ఇంట్లోనే. తెర ముందర నిలబడంగానే. వాన్ని ఎత్తుకొని తిప్పినోన్ని, వాని చెంప నాకు తెల్దా? నీకు తెల్దేమో అనుకున్యా. తెలిస్తే సరిచేయిస్తావని మాట్లాడకుండా గీసుకొని వచ్చినా."

ఇద్దరం ఒకే గదిలో, ఒకే తెర ముందు, ఒకరికి తెలియకుండా ఒకరం. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కాలేదు.

అత్త అన్న మాట కూడా చెప్పాను. చెప్పొద్దన్నదని కూడా చెప్పాను. మామ గోడకు ఆనుకొని కూర్చొని ఉలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు.

"రాయి తియ్యొచ్చు, అతికించలేం. తీసేది పెద్ద పని గాదు, రెండు దినాల పని. మీ అత్త చెప్పేది నిజమే. అయితేనమ్మా… ఆ నాలుగు నెల్లు దినానికి ఇంత, దినానికి ఇంత వాడు తగ్గిపోతాంటే చూస్తా కూచున్నా. ఏం చేయలేకపోయినా. ఇప్పుడు మల్లా నా చేత్తో నేనే తగ్గించల్లనా?"



లేచి, రాయి మీద గుర్తులు పెట్టే ఎర్ర జాజు కలిపిన కుంచె నా చేతిలో పెట్టాడు. "నువ్వు వాని పెండ్లానివి. యాడికి తియ్యల్లనో నువ్వే గీత గియ్. గీస్తే తీస్తా. ఏమీ అనుకోను."

రాయి దగ్గరికి వెళ్లాను. చెంప చల్లగా ఉంది. కుంచె మొన చెంప దాకా తెచ్చాను. జాజు బొట్టు నా చీర మీద పడింది. వెనక్కి ఇచ్చేశాను.

"తొందరేం లేదులే," అన్నాడు. సంవత్సరీకం ఇంక పద్దెనిమిది రోజులే.

డిసెంబర్ 2, మంగళవారం

అత్త రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మామ చేయలేదు.

మొన్న వచ్చేటప్పుడు నా కాగితంతో పాటు మామ గీసిందీ అడిగి తెచ్చుకున్నాను. రెండూ మంచం మీద పక్కపక్కన పరిచాను. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టాను. ముక్కు గీత తప్ప ఏదీ కలవలేదు.

ఆదివారం రెండిట్లో ఒకటి మామ దగ్గరికి తీసుకుపోవాలి.