మీ ప్రాంతంలో అందుబాటులో లేదు

ప్రియమైన ఆడపడుచుకు,

నిన్న సాయంత్రం కళ్ళజోళ్ళ కొట్టు కట్టేశాక, ఫోన్ గోడకి ఆనించి మన కొరియా డ్రామా పెట్టుకున్నాను. మొగుడు పోయిన ఆ రొట్టెల దుకాణం ఆవిడ, బస్సు డ్రైవరు చెయ్యి పట్టుకోబోయింది. అంతే. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: "ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు." ఏం, మా ప్రాంతంలో ఆడవాళ్ళకి కళ్ళు లేవా? ఆ యాప్ వాళ్ళకి ఇదే మాట రాసి పంపాను. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని జవాబొచ్చింది. వాళ్ళ విలువ తగలెయ్య!

నువ్వున్న దేశంలో ఇంకా వస్తోందన్నావుగా. ప్రతి ఎపిసోడూ చూసి రాయి. ఫోన్లో చెప్పొద్దు, సగం కథ నీ నవ్వులోనే మింగేస్తావు. ఎవరేం కట్టుకున్నారో, ఎవరెక్కడ ఏడ్చారో ఒక్క ముక్క వదలకు. మీ అన్నయ్య పోయిన ఈ ఆరేళ్ళలో సాయంత్రం ఎప్పుడవుతుందా అని నేను చూసింది ఈ డ్రామా కోసమే. దాన్ని ఎవరో మీట నొక్కి ఆపేస్తే ఊరుకుంటానా?

నీ మొండి వదిన

ప్రియమైన వదినా,

పట్టుకుంది! చేతి నిండా పిండి, ఆవిడ కట్టుకున్న నీలం ఏప్రన్ నిండా పిండి. డ్రైవరు యూనిఫాం తెల్లబడిపోయింది. ఆయన దులుపుకోలేదు వదినా, ఆ మరకతోనే చివరి స్టాపు దాకా బస్సు నడిపాడు. హోటల్ లాండ్రీలో దిండు గలీబులు మడతపెడుతూ ఫోన్లో చూస్తున్నానేమో, ఒక గలీబులో మొహం పెట్టుకుని ఏడ్చేశాను. సూపర్‌వైజరు దాన్ని నా చేతే మళ్ళీ ఉతికించింది.

తర్వాత అత్తగారు దుకాణానికొచ్చి, "నా కొడుకు పెట్టిన కొట్లో ఇంకొకడికి టీ పోస్తావా?" అంది. "టీ ఒక్కటే కాదు, రొట్టె కూడా పెడతాను" అంది మన రొట్టెలమ్మ. నేను చప్పట్లు కొట్టాను.

నీ ఆడపడుచు

ప్రియమైన ఆడపడుచుకు,

నీ ఉత్తరాలన్నీ కొట్లో పైకి చదువుతున్నాను. మా బిల్డింగులో లిఫ్ట్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మొదటిరోజు ద్వారం దగ్గర నిలబడి విన్నాడు, రెండోరోజు కుర్చీ లాక్కున్నాడు. లిఫ్ట్ బాగైపోయి నెలైంది. ఆయన మాత్రం వస్తూనే ఉన్నాడు. "నేను రాకుండా చదివితే ఒప్పుకోను" అంటాడు. మొన్న రొట్టెలమ్మ అత్తగారి ఘట్టం చదువుతూ నేను ఏడిస్తే, వెళ్ళి టీ తెచ్చిపెట్టాడు.

ఒక మాట అడుగుతాను, నవ్వకుండా చెప్పు. రొట్టెలమ్మ చేస్తున్నది తప్పంటావా?

నీ వదిన

ప్రియమైన వదినా,

పని ఎక్కువై జవాబు ఆలస్యమైంది. డ్రామా అయిపోయింది. డ్రైవరుకి వేరే ఊరు బదిలీ అయింది. ఆవిడ ఆగమనలేదు. భర్త ఫోటో తుడిచి, "నలుగురూ ఏమనుకుంటారు? ఒక ఇంటికొచ్చాక ఆ ఇంటి మనిషిగానే పోవాలి" అంది. లైట్లు ఆర్పేసింది. గొప్ప ముగింపు. అన్నయ్య ఫోటో నా దగ్గర చిన్నదే ఉంది, పెద్దది పంపగలవా?

నీ ఆడపడుచు

ప్రియమైన ఆడపడుచుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత కోపమొచ్చింది. అత్తగారికే ఎదురు చెప్పిన మనిషి ఉన్నట్టుండి నలుగురికి భయపడిందా? ఎవరేం కట్టుకున్నారో ఒక్క ముక్క రాయలేదేం? ఆ మాటలు కొరియాలో పుట్టినవి కావు, నీ నోట్లో పుట్టినవి. నిజంగానే డ్రామా అలా ముగిసిందా, రాసినవాడికి బుద్ధి లేదు. నువ్వు ముగించావా, నీకు లేదు. ఎటైనా సరే, నా కథకి ఇంకొకరి చేత ముగింపు రాయించుకోను.

ఆ మెకానిక్‌ని పెళ్ళి చేసుకుంటున్నాను. వచ్చే నెల మొదటి శుక్రవారం, రిజిస్ట్రారు ఆఫీసులో. మా అన్నదమ్ములు రామన్నారు. రాకపోతే మానె! ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి నీకు చెప్పి చేసుకుంటున్నాను, నిన్నడిగి కాదు.

మీ అన్నయ్య ఫోటో గోడ మీంచి దించను. ఈయనకీ ఆ మాట చెప్పాను. "దించమని ఎవరన్నారు? మేకు వదులైంది, గట్టిగా కొడతానుండు" అన్నాడు. మీ అన్నయ్య మీద ప్రేమ పిసరంత కూడా తగ్గలేదు. ఇంకొకరికి సరిపడా కూడా నా దగ్గర ఉందని ఈమధ్యే తెలిసింది. నీ ఉత్తరాలే మా పెళ్ళిపెద్దలు, ఇప్పుడు పెద్దరికం వద్దంటే కుదరదు.

నువ్వు కాదన్నా, నీ వదిన

వదినా,

ఈసారి "ప్రియమైన" అని రాయలేదు, చూసుకో. నా కోపం ఇంకా తగ్గలేదు. అవును, అబద్ధమే రాశాను. మా అన్నయ్య కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారంటే ఏం రాయమంటావు? అసలు ముగింపు చెప్పను. నీకు అక్కర్లేదుగా.

సెలవు కావాలంటే సూపర్‌వైజరు ఎందుకంది. "మా వదిన పెళ్ళి" అన్నాను. "మీ అన్నయ్య పెళ్ళా?" అంది. "కాదు, మా వదిన పెళ్ళే" అన్నాను. లాండ్రీలో అందరూ తిరిగి చూశారు. చూడనీ అని ఇంకోసారి గట్టిగా అన్నాను.

గురువారం దిగుతున్నాను. సాక్షి సంతకాల్లో మొదటిది నాది. అత్తింటి నుంచి ఒక్కరూ రాలేదని నిన్నెవరూ అనకూడదు. అనే దమ్ముంటే నా ఎదురుగా అనమను.

ఆ మెకానిక్‌ని ఏమని పిలవాలో ఇంకా తేల్చుకోలేదు. అన్నయ్యా అని మాత్రం పిలవను, ఆశపడొద్దని చెప్పు.

నీ ఆడపడుచు