ఆ ఫ్రిజ్ కదలదు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఆయుష్షుకు మాత్రమే, వ్యాపారానికి కాదు.

మీ అక్కను నాకిచ్చి పెళ్ళి చేసిన రోజున పదిమంది ముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావో గుర్తుందా? "బావా, మీ పుస్తకాలకి నా చేతుల్తో టేకు బీరువా చేసిస్తా" అన్నావు. అప్పట్లో వడ్రంగం నేర్చుకుంటున్నావు. ఆ బీరువా ఇంతవరకు రాలేదు. ఈలోగా నీ జుట్టు తెల్లబడింది, మళ్ళీ నల్లబడింది కూడా.

బీరువా రాలేదు గాని, నిన్న నీ పచ్చ దుకాణం వాళ్ళ వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు "పాత ఫ్రిజ్ ఎక్కడ?" అంటూ చెప్పులతోనే వంటింట్లోకి దూసుకొచ్చారు. చేతిలో నీ కరపత్రం. "పాత ఫ్రిజ్ ఇచ్చేయండి, కొత్త పచ్చ ఫ్రిజ్ కొనండి, భూమిని కాపాడండి." బతుకంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆ మూడు ముక్కల్లో నీకు కావలసింది మధ్యది ఒక్కటేనని కనిపెట్టలేనా?

నా ఫ్రిజ్ కదలదు. అందులో ఏముందో నీకు అనవసరం. మీ అక్క తన చేతులతో సర్ది పెట్టినవి, అలాగే ఉంటాయి.

ఇట్లు,
మోసపోయే తీరిక లేని బావ

తా.క.: నువ్వు పంపిన వెదురు పళ్ళబ్రష్షు అందింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లలోంచి బయటికి లాగేసరికి భోజనాల వేళయింది.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఫోన్ ఎత్తరు కాబట్టి రాస్తున్నాను.

అక్క పోయి అయిదేళ్ళు. తను సర్దినవి ఇంకా ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయని చదివి నాకు ఒళ్ళు జలదరించింది. దండం పెడతాను, అవి నోట పెట్టకండి. మీకు అక్క మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. కానీ కడుపుకి తెలియదు కదా!

ఇంకో సంగతి. గోడకు మేకుకి గుచ్చి ఉన్న మీ కరెంటు బిల్లు మావాళ్ళు చూశారు. అంత ముసలి ఫ్రిజ్ నడిచే ఇంట్లో అంత తక్కువ బిల్లు రాదట. మీటరుకి ఏమైనా చేశారా అని నేను అడగను. మీరే చెప్పండి. మా మెకానిక్కుని పంపి చూపిస్తాను, మూడోవాడికి తెలియదు.

నేను ఇదంతా రేపు పుట్టబోయే పిల్లల కోసం చేస్తున్నాను.

మీ క్షేమం కోరే,
బావమరిది

తా.క.: మీ పనిమనిషి చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుని ఫ్రిజ్ తలుపు తీసి చాలాసేపు నిలబడతారట. ఏమీ తినకుండానే నిట్టూర్చి మూసేస్తారట. నాకు తెలిసిన డాక్టరొకాయన ఉన్నాడు. ఆయన ఆసుపత్రి కూడా పచ్చదే.

* * *

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు కూడా లేవు.

నేను కరెంటు దొంగనా? చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకుని తొడుక్కునేవాణ్ణి నేను. నువ్వు భూమి కోసమంటూ కారు మార్చావు. కొత్తదానికి పొగ రాదట, సంతోషం. పాతదేమైంది? ఇంకొకడి వాకిట్లో పొగ వదులుతోంది. భూమికి నీ వాకిలి వేరు, వాడి వాకిలి వేరా?

నేను చదివిన చరిత్రలో పాపాలకి పరిహారం అమ్ముకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు పొగకి అమ్ముతున్నారు, అంతే తేడా. "ఉన్నదానితో సరిపెట్టుకోండి" అని ఒక్క కరపత్రమైనా వేశావా? వెయ్యవు. ఆ మాటకి బిల్లు రాయడం కుదరదు.

పంపు నీ మెకానిక్కుని. తలుపు నేనే తీసి చూపిస్తాను.

ఇట్లు,
నీ దృష్టిలో దొంగ

తా.క.: నీ ఉత్తరం వాడేసిన కాగితాలతో చేసిన కాగితం మీద రాశావట, కింద గొప్పగా అచ్చేశావు. సిరా అంతా పీల్చేసుకుంది. సగం చదవలేకపోయాను. ఆ సగమే బాగుంది.

* * *

పూజ్యులైన బావగారికి,

క్షమించండి. మెకానిక్కు నవ్వుతూ తిరిగొచ్చాడు. కూరగాయల సొరుగులో లావు నవలలట, గుడ్ల గుంటల్లో సిరా బుడ్లట, ఐసు గడ్డకట్టే అరలో మీ ప్రూఫుల్లో తప్పులు పట్టినవాళ్ళ పుస్తకాలట. ఫ్రిజ్ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయిందని ఒక్క ముక్క రాసుంటే నేను డాక్టరుతో మాట్లాడేవాణ్ణే కాదు. ఆయన రేపు వస్తానన్నాడు, వద్దని చెబుతాను.

బీరువా సంగతి ఇక దాచలేను. పెళ్ళయిన ఏడాదే చెక్క తెచ్చాను. మీరు అచ్చాఫీసులో ఉన్నారు. అక్క గుమ్మంలోనే ఆపింది. "ఒక బీరువా నిండితే ఇంకోటి అంటారు మీ బావ. నువ్వెళ్ళు, మాట తప్పావని నేనే చెప్తాలే" అంది. నాతో ఒట్టు కూడా వేయించుకుంది. అందుకే ఇన్నేళ్ళు మీరు నన్ను సావిడి దాటి రానివ్వకపోయినా నోరెత్తలేదు.

ఇట్లు,
మాట తప్పని బావమరిది

తా.క.: మెకానిక్కు ఇంకోటి కూడా చెప్పాడు. ఫ్రిజ్ చెడిపోలేదట. ప్లగ్గు దగ్గర తీగని ఎవరో కత్తిరించి, మళ్ళీ లోపలికి దోపి మూత బిగించారట.

* * *

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. వ్యాపారానికి ఇంకా ఆలోచించాలి.

పోయినవాళ్ళని సాక్ష్యానికి పిలవడం తేలిక కనుక నీ మాట నమ్మలేదు. మీ అక్క కుట్టుపెట్టె తీసి చూశాను. కత్తెర అంచున చిన్న నొక్కు ఉంది. అదెలా పడిందని చాన్నాళ్ళ కిందటే ఒకసారి అడిగాను. "మీ చొక్కా బొత్తాం గట్టిది" అంది. నమ్మాను. ఆ వారమే ఫ్రిజ్ ఆగింది. నేను దిగులుగా కూర్చుంటే పక్కన చేరి, "దీని తలుపు గట్టిగా పడుతుంది, చెదలు చేరవు, మీ పుస్తకాలు ఇందులో పెట్టుకోండి. ఒకటే షరతు, తలుపు పడాలి. కొత్తదొకటి వస్తే పాతదొకటి పోవాలి" అంది. ఎంత తెలివి అని మెచ్చుకున్నాను కూడా!

కరపత్రం లేదు, వ్యాను లేదు. కొనేవాణ్ణి ఆపింది, బిల్లు తగ్గించింది. నీ దుకాణం మొత్తం చేయలేని పని కుట్టు కత్తెరతో చేసింది.

నీ మీద ఇన్నేళ్ళు దాచిన కోపం దండగైంది. తిరిగి వాడుకునే వీలుంటే నీ దుకాణానికే ఇచ్చేద్దును. ఆదివారం రా. ఈసారి వంటింటి దాకా రావచ్చు.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క.: తీగ అతికిస్తే ఫ్రిజ్ నడుస్తుందన్నాడు నీ మెకానిక్కు. వద్దన్నాను, పుస్తకాలు ఎక్కడికి పోతాయి? కాని అది ఆగిన నాటి నుంచి ఈ రోజు దాకా ఎండాకాలంలో ఒక్క గ్లాసు చల్లటి నీళ్ళు ఎరగను. అందుకు ఇప్పుడు నేను తప్పుపట్టేది ఒక్క మనిషినే. మీ అక్కని.