చావిడి గోడ మీది ఎరుపు

మే నెల, 1956

ఆత్మకూరులో తలదాచుకున్న అక్కకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని భయపడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. ఓబన్న మనుషులు నా కుడిచేతి వేళ్ళు రోకలితో చితక్కొట్టారు. రాయచోటిలో కట్టు కట్టించుకొచ్చాను.

తన మనుషులు బావను నరికిన చావిడి గోడకు ఓబన్న మరునాడే సున్నం కొట్టించాడు, అక్కడ ఏమీ జరగలేదని ఊరందరితో పోలీసులకు చెప్పించాడు. అదంతా నీకు తెలిసిందే. పోయిన వారం కలెక్టరు వస్తున్నాడని, ఆ గోడ మీదే ఏదైనా బొమ్మ వెయ్యమని, మద్రాసులో నేర్చొచ్చాను కదా అని నన్ను పిలిపించాడు.

నేను దేవుణ్ణీ వెయ్యలేదు, మనిషినీ వెయ్యలేదు. తెల్లటి గోడ మీద ఎర్రరంగు ఒక్కటే, పైనుంచి కిందికి జారినట్టు పూశాను. పట్నంలో ఇప్పుడు ఇలాంటివే వేస్తున్నారని, వీటికి అర్థమేమీ ఉండదని చెప్పాను. కలెక్టరు బాగుందన్నాడు.

ఆయన జీపు కదలగానే ఓబన్న జనం ముందరే అరిచాడు.

"ఏమిరా, ఆ నెత్తురు ఇంకా ఈడనే ఉండాల్నా? తుడుసు!"

"నెత్తురు యాడుండాదప్పా? అది రంగు," అన్నాను.

జనమంతా విన్నారు. నా చెయ్యి పోయింది అప్పుడే.

ఆ తర్వాత గోడకు సున్నం కొట్టడానికి ఎంత బెదిరించినా ఒక్కరూ రాలేదక్కా, అతని మనుషులు కూడా. నిన్న ఓబన్నే మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎరుపును గోకాడు. ఊరంతా నిలబడి చూసింది. ఎవరూ చెంబెడు నీళ్ళు కూడా అందించలేదు.

నీ తమ్ముడు