ఏడు మగ్గాల బడినిధి

సుల్తానాబాద్,
12 జూన్ 1957

ప్రియమైన దశరథం బావకు, రాయమల్లు శనార్థులు.

నీ ఉత్తరం మా గల్లీలో పెద్ద పంచాయితీయే పెట్టింది. మలయా రబ్బరు తోటల్లో మన పిల్లలు నువ్వు చెప్పే తోట బడిలో నాలుగో తరగతి దాటగానే బక్కెట్లు పట్టుకుని చెట్ల పాలు ఎత్తడానికి పోతున్నారని నువ్వు రాసింది అందరికీ చదివి వినిపించాను. ముందుగా లేచింది రామవ్వే. "సముద్రం అవుతల ఉంటె మన పిల్లలు గారా? నా మగ్గం మీద నెలకొక్క చీర గా పిల్లలకే" అంది. లింగమూర్తి, కైలాసం, ఇంకో ముగ్గురు సరేనన్నారు. నాతో కలిపి ఏడు మగ్గాలు. 'ఏడు మగ్గాల బడినిధి' అని పేరు కూడా పెట్టుకున్నాం. తాను దూర సందు లేదు, మెడకో డోలట అని నవ్వేవాళ్లు నవ్వుతున్నారు.

ముగ్గురు పిల్లలను పట్నం బడిలో చేర్చు. ఫీజులూ బట్టలూ మావి. ఒక్కటే షరతు. కాగితం మీద అంగుళాలు రాయకు. ఒక్కొక్కరినీ భుజం నుంచి మడమ దాకా కొలిచి, ఆ దారం పంపు. ఫోటో తీయించే స్తోమత నీకూ లేదు, నాకూ లేదు. దారం చూస్తే మా వాళ్లకు పిల్లలు కళ్లకు కడతారు.

నీ చెల్లె పోయి మూడేళ్లయింది. చేతులకైతే మగ్గం ఉంది, నోటికే పని లేదు. జవాబు రాయి.

నీ రాయమల్లు


పేరాక్, మలయా,
2 ఆగస్టు 1957

ప్రియమైన రాయమల్లు బావా,

మూడు దారాలు పంపుతున్నాను. తెల్లవి రెండూ హనుమంతు, కొండల్. ఎర్రది యాదవ్వ. నువ్వు ఇక్కడ పనిచేసిన రోజుల్లో నీ పక్క వరుసలో చెట్లకు గాట్లు పెట్టిన ముత్తయ్య బిడ్డే. పదకొండేళ్లు. కొలుస్తుంటే మునివేళ్ల మీద లేచి, "గింత పొడుగున్ననని రాయుండ్రి సారూ" అంది. మడమలు దించి మళ్లీ కొలిచాను. లెక్కల్లో దాన్ని మించినవాళ్లు ఈ తోటలో లేరు.

ముత్తయ్యను ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు. "ఆడిపోరికి గంత సదువెందుకు? నాకు రెండు చేతులు తక్కువైతయి" అన్నాడు.

పిల్లలు ఇళ్లకు పోయాక బడిలో నేనూ బల్లలూ మిగులుతాం. నీ ఉత్తరం అప్పుడే మళ్లీ మళ్లీ చదువుకుంటాను.

నీ దశరథం


పేరాక్, మలయా,
20 జులై 1959

ప్రియమైన బావా,

ఈ ఏటి దారాలు ఇవి. ముగ్గురూ బాగున్నారు. వానలు ఎక్కువగా ఉన్నాయి. మీ ఏడుగురికీ నా దండాలు.

నీ దశరథం


సుల్తానాబాద్,
3 సెప్టెంబర్ 1959

ప్రియమైన దశరథం బావకు,

మిగతా ముచ్చట్లు తరువాత. ముందు ఇది చెప్పు.

యాదవ్వ దారంలో తేడా పోయినేడే చూశాను. కొందరు పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారులే అని సర్దుకున్నాను. ఈసారి మూడేళ్ల దారాలూ పక్కపక్కన పరిచాను. హనుమంతు జానెడు పెరిగాడు. కొండల్ ఇంకా ఎక్కువే. యాదవ్వ దారాలు మూడూ ఒక్కచోటే ఆగిపోయాయి. పదమూడేళ్ల ఆడపిల్ల రెండేళ్లలో వేలెడు కూడా పెరగదా?

బావా, ఆ పిల్ల బతికుందా? మగ్గం ముందు కూర్చుంటున్నాను గానీ చెయ్యి ఆడటం లేదు. ఏదైనా సరే, నిజం రాయి.

రాయమల్లు


పేరాక్, మలయా,
8 నవంబర్ 1959

ప్రియమైన బావా,

యాదవ్వ బతికే ఉంది. నా భుజం దాటి పెరిగింది. బడిలో మాత్రం లేదు.

పోయినేడు వేసవిలో తల్లి లింగవ్వ మంచం పట్టింది. ముత్తయ్య బిడ్డను తనతో పనికి తీసుకుపోయాడు. ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. "మీరు బట్టలు పెడతరు, బువ్వ ఎవరు పెడతరు?" అన్నాడు. కొలతకు రమ్మంటే పిల్ల సిగ్గుపడి రాలేదు. పాత కొలత బడి గుంజ మీద గీసి ఉంది. దాన్ని చూసే రెండేళ్లూ దారం తెంపాను. నాలుగు వేళ్ల పొడుగు ఎక్కువ పెట్టి తెంపుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఆ పిల్ల పేరున వచ్చినవేవీ ముట్టలేదు. అన్నీ పెట్టెలో ఉన్నాయి.

పిల్ల మానేసిందని తెలిస్తే మీ ఏడుగురి మనసూ విరుగుతుంది, నిధి ఆగిపోతుంది. ఆ తరువాత మనం రాసుకోవడానికి ఏముంటుంది? ఈ తోటలో నన్ను బావా అని పిలిచే మనిషి లేడు. నీ ఉత్తరాల కోసం ఒక పిల్ల కష్టాన్ని దాచిపెట్టాను. తిట్టు. రాయడం మాత్రం మానకు.

దశరథం


సుల్తానాబాద్,
5 జనవరి 1960

ప్రియమైన దశరథం బావకు,

నోటికొచ్చిన తిట్లన్నీ కూడబెట్టుకుని కలం పట్టాను. తిట్టే ముఖం నాకెక్కడిది?

నిధికి ఏడు మగ్గాలు లేవు బావా. మొదటి ఏడాది తిరగకముందే లింగమూర్తి, కైలాసం షోలాపూర్ మిల్లుకు పోయారు. వాళ్ల వెనకే ఆ ముగ్గురూ పోయారు. చివరికి రామవ్వను కూడా కొడుకు తీసుకుపోయాడు. "ఎవరికి జెప్పకు రాయమల్లూ, గా పిల్లలు పరేషానయితరు" అని ఏడుస్తూ బండెక్కింది. అప్పటి నుంచి ఏడుగురి పేరా నేనొక్కణ్ణే నేస్తున్నాను. ఈ సంగతి తెలిస్తే నువ్వు వద్దంటావని, ఉత్తరాలు ఆగిపోతాయని నేనూ దాచాను.

దొందూ దొందే. కానీ మన దొంగాటకు ఆ పిల్ల చదువు పోయింది. నువ్వు అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే దారి వెతికేవాళ్లం.

తోటలో పని ఒంటిగంటకు అయిపోతుంది. నువ్వు పంతులువి కాకముందు పన్నెండేళ్లు మనం చేసిన పనే కదా, ఇద్దరమూ మరిచిపోయాం. ఆ తరువాతి పొద్దు ఎవరిది? పట్నం బడి పుస్తకాలు తెప్పించి యాదవ్వకు నువ్వే చెప్పు. పెట్టెలో ఉన్న ఫీజు లింగవ్వ మందులకు ఇవ్వు. ముత్తయ్య కాదంటే నా మాటగా చదివి వినిపించు: "ముత్తయ్యా, పొద్దుగాల నీ బిడ్డ నీతోని పనికి రానీ. ఒంటిగంట సంది తోట బడికి రానీ. గింతే అడుగుతున్న." మగపిల్లల సంగతికి ఫికర్ వద్దు. నా ఒక్క మగ్గం ఆడినంత కాలం వాళ్ల చదువు ఆగదు.

ఇక మన సంగతి. మనం రాసుకోవడానికి పిల్లల చదువు సాకు కానక్కరలేదు. వాన పడిందని రాయి, దగ్గు వచ్చిందని రాయి, ఏమీ తోచడం లేదని రాయి. నాకు అదే చాలు. ఈ గల్లీలో ఇప్పుడు దీపం పెట్టేది నేనొక్కణ్ణే బావా. జర జల్ది రాయి.

నీ రాయమల్లు